చావు దగ్గర ఆగిన కథ

మా వదిన పోయింది.

వేలూరు ఆస్పత్రి నుంచి మా అన్న కూతురు ఫోను చేసినప్పుడు నేను గుడియాత్తంలో మా వీధి భజన గుడి అరుగు మీద ఉన్నాను. సాయంత్రం చెప్పవలసిన ప్రసంగానికి గ్రంథం విప్పి ఒళ్ళో పెట్టుకున్నాను. "చిన్నాయనా, అమ్మ లేదు" అంది. గుండె ఆపరేషనుకు తీసుకుపోవడానికి ఇంకా వేళ కాలేదట. మంచం మీద కూర్చుని కూతురి చేత తల దువ్వించుకుంటూ ఉందట. జడ సగంలో ఉండగానే తల ముందుకు వాలిందట. ఇదంతా తర్వాత తెలిసింది.

ఫోను పక్కన పెట్టి గ్రంథం మూయబోయాను. చెయ్యి ఆగిపోయింది. తెరిచి ఉన్న పుటలో ఏముందో ముందు చూసుకున్నాను. ఎవరో రాజు అశ్వమేధానికి గుర్రాన్ని విడుస్తున్నాడు. ఫరవాలేదనుకుని మూశాను. ఇంట్లో మనిషి పోయిందని తెలిసిన క్షణంలో పుట వెతుక్కునేవాడు వీడెవడని మీరు అడగవచ్చు. దానికి జవాబు చెప్పాలంటే మా వదినను గురించి చెప్పాలి. ఆమెను గురించి చెప్పాలంటే సోమిలి అనే ఆడపిల్లను గురించి చెప్పాలి. సోమిలి ఈ భూమి మీద ఎన్నడూ పుట్టలేదు. ఆమె చావు మాత్రం మా వీధిలోకి వచ్చింది.

నన్ను ఎరిగినవాళ్ళకు నా సంగతి తెలుసు. పగలు తాపీ, పొద్దు వాలితే పురాణం. ఏ బడిలోనూ చదవలేదు, ఏ గురువు దగ్గరా ఉపదేశం తీసుకోలేదు. మైకు దొరికితే ఎదుట ఉన్నది ఊరి పెద్దయినా ఊరుకోను. ఇంత నోరు నాకు ఎవరిచ్చారంటే మా వదిన ఇచ్చింది. అమ్మా నాయనా లేని నన్ను మా అన్న కొత్త పెళ్ళాం చేతిలో పెట్టాడు. అన్న మేస్త్రి. వదిన చుమ్మాడు చుట్టుకుని తల మీద సున్నం తట్ట మోసేది, తర్వాతి రోజుల్లో సిమెంటు తట్ట. మేము ఇంట్లో తెలుగు మాట్లాడతాం, మా వైపు బడుల్లో చదువు అరవంలో. మా వీధిలో తెలుగు చదవడం వచ్చినవాడు ఒక్కడూ లేడు. చిత్తూరు వైపు నుంచి పనికి వచ్చిన ఒక ముసలి తాపీ మేస్త్రి, మధ్యాహ్నం అన్నాలు తిన్నాక, తడి సిమెంటు మీద తాపీ మొనతో అక్షరాలు గీసి చూపేవాడు. అది గట్టిపడేలోగా నేర్చుకోవాలి. మా వదిన సిమెంటు మూటల కాగితాలు దులిపి, చించి, మడతలు పెట్టి ఇంటికి తెచ్చేది. వాటి మీద బొగ్గుతో దిద్దాను.

ఒకరోజు నువ్వూ నేర్చుకో వదినా అన్నాను. తట్ట దించుతూనే నవ్వింది. "ఇద్దరమూ నేర్చుకుంటే చదివేది ఎవురు, వినేది ఎవురప్పా?"

ఆ తర్వాత ఆమె బతికినంత కాలం నేను చదివాను, ఆమె విన్నది. అన్న పోయాక, ఆమె పనికి పోవడం మానేశాక, దీపాలు పెట్టే వేళకు ఆమె ఇంటి నడవలో చాప పరిచేవాళ్ళు. వీధి ఆడవాళ్ళు పది మందీ చేరేవాళ్ళు. నేను పీట మీద పుస్తకం పెట్టుకునేవాణ్ణి. ఆమె చింతపండు ముందు పోసుకుని గింజలు తీస్తూ వినేది. కథలో ఆపద వచ్చిందంటే వేళ్ళు ఆగిపోయేవి. నేను పుస్తకంలోంచి తల ఎత్తనక్కర లేదు. గింజ పళ్ళెంలో పడే చప్పుడు ఆగిందంటే ఎదుట వింటున్న మనిషికి గుండె బిగిసిందని అర్థం. నా ప్రసంగాలకు చప్పట్లు కొట్టినవాళ్ళు చాలామంది ఉన్నారు. ఆ గింజల చప్పుడు ఆగడమే నాకు పెద్ద మెప్పు.

పారాయణానికి ఒక నియమం ఉంది. ప్రాణం పోయిన చోట పుస్తకం మూయకూడదు. యుద్ధంలో వీరుడు పడ్డాడంటే, వాడికి పిండం పెట్టిన ఘట్టం దాటి, ఎక్కడో ఒక బిడ్డ పుట్టిన చోటో, పెళ్ళో, పట్టాభిషేకమో, కనీసం దీపం వెలిగించిన మాటో వచ్చేదాకా చదివి అక్కడ ఆపాలి. ఇది నేను పుట్టించింది కాదు. కానీ మా వీధిలో దీన్ని నిప్పులాగా అంటించినవాణ్ణి నేనే. ఏళ్ళ తరబడి అదే గుడి అరుగు మీద గొంతు చించుకుని చెప్పాను: చావు దగ్గర పుస్తకం మూసేవాడా, ఆ చావు ఎటు పోతుందనుకున్నావు? నీ వాకిట్లో నిలబడుతుంది. ఎవరు బయటికి వస్తారా అని చూస్తుంది. ఆడవాళ్ళు పసిబిడ్డలను ఒళ్ళోకి లాక్కునేవాళ్ళు. నాకు తృప్తిగా ఉండేది.

ఇక ఆ పుస్తకం వచ్చిన వైనం. మా అన్న కూతురు వేలూరులో ఒక లాడ్జీలో పని చేస్తుంది. ఆస్పత్రికని ఎక్కడెక్కడి వాళ్ళో వచ్చి ఆ లాడ్జీల్లో నెలలు ఉంటారు. ఎవరో ఆంధ్రా వాళ్ళు గది ఖాళీ చేస్తూ లావుపాటి పుస్తకం ఒకటి వదిలిపోయారు. అట్ట మీద కిరీటం పెట్టుకున్న ఆడమనిషి, వెనక కోట, చేతిలో దీపం. లాడ్జీలో ఎవరికీ తెలుగు చదవడం రాదు. పిల్లకూ రాదు. బొమ్మ చూసి పురాణమే అనుకుని కళ్ళకద్దుకుని, సంచిలో పెట్టుకుని వాళ్ళమ్మకు తెచ్చింది. వదిన నాకు కబురు పెట్టింది. నేను పోయేసరికి పుస్తకానికి పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, దీపం వెలిగించి సిద్ధంగా ఉంచారు. అట్ట మీద ఉన్న పేరు చదివాను: నల్లుప్పు రాజ్యం, మొదటి భాగం. ఏదో స్థల పురాణం కాబోలనుకున్నాను. సంకల్పం చెప్పి మొదలుపెట్టాను.

మూడో పుటకు నాకు తెలిసిపోయింది. ఇది ఏ మునీ చెప్పింది కాదు. నిన్నో మొన్నో ఎవరో కుర్చీలో కూర్చుని కల్పించి రాసిన కథ. సముద్రం ఒడ్డున ఒక రాజ్యం, దాని కోటగోడ అంతా నల్లని ఉప్పు. ఆ దేశంలో వాన పడదు. వాన పడిన రోజున గోడ కరిగి, అవతల చీకట్లో కాచుకున్నవి లోపలికి వస్తాయి. తరానికి ఒక ఆడపిల్లను ఎంచి గోడకు కాపు పెడతారు. ఆమె అరచెయ్యి గోడ మీద ఉన్నంత కాలం మబ్బు ఆ వైపు రాదు. ఈ తరానికి ఎంచిన పిల్ల సోమిలి, ఉప్పు మోసే కూలిదాని కూతురు.

పుస్తకం మూసి, ఇది పురాణం కాదు, ఒట్టి కల్పన, లేవండమ్మా అన్నాను. ఎవరూ లేవలేదు. వదిన గింజ తీయడం ఆపి నన్ను చూసింది.

"దీపం పెట్టి మొదులుపెట్టినావు. ఇప్పుడు కాదంటే దీపం ఊరుకుంటాదా? ఆ బిడ్డ చెయ్యి గోడ మీద పెట్టినాది. తీసేదాకా చదువు."

చదివాను. చదివి చెడ్డామా బాగుపడ్డామా అన్నది ఇప్పటికీ తేల్చలేను. ఒక్కో భాగం ఒక ఇటుక అంత ఉంది. రెండోది, మూడోది, నాలుగోది చిత్తూరు పోయి నేనే తెచ్చాను. ఆ రెండేళ్ళూ మా వీధిలో సోమిలి బతికింది. ఆమె చెయ్యి ఉప్పుకు పుండు పడిన అధ్యాయం చదివిన మర్నాడు వదిన కూరలో ఉప్పు తగ్గించింది. కోటను శత్రువులు చుట్టుముట్టి సోమిలికి తిండి అందని రోజుల్లో వదిన రాత్రి అన్నం మానేసింది. అడిగితే ఆకలి లేదంది. రాణిని చెరపట్టిన కొంకి చేతి మంత్రి ఉన్నాడు ఆ కథలో. వాణ్ణి ఆమె తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. పూలు అమ్ముకునే ఆమె శుక్రవారం వాకిట్లో బుట్ట దించి, మూర కొలుస్తూనే అడిగేది, సోమిలికి ఎట్ల ఉండాది అని. వదిన సొంత మేనకోడలి సంగతి చెప్పినట్టు చెప్పేది. పాపం, ఇంకా నిలబడే ఉండాది, కాళ్ళు వాచినాయి అని.

నేను ఊరుకోలేదు. రాజ్యం వదులుకుని అడవికి పోయిన ఒక రాజు తల్లిలేని జింకపిల్లను పెంచి, చివరి ఊపిరిలో దాన్నే తలుచుకుని మరుజన్మలో జింకై పుట్టిన కథ పురాణంలో ఉంది. దాన్ని ఎత్తుకున్నాను. అరుగు మీద చెప్పినట్టే ఆమె నడవలో చెప్పాను. ఉన్న జింక మీద మనసు పెట్టినవాడికే ఆ గతి పట్టింది, లేని పిల్ల మీద మనసు పెట్టినదానికి ఏ గతి పడుతుంది అని అడిగాను. ఆడవాళ్ళు తలలు వంచుకున్నారు. వదిన చింతపండు పక్కకు జరిపి నిదానంగా అంది.

"ఆ జింకపిల్లకు తల్లి లేదు గదప్పా. ఆయన ఎత్తుకోకపోతే ఎవురు ఎత్తుకుంటారు?"

ఆమె చూపు నా మీదే ఉంది. తల్లిలేని పిల్లను ఎత్తుకున్న మనిషితో అదే మాట వాదించడానికి పోయాను నేను. నేను పుస్తకం తెరిచాను.

నా సంగతీ చెప్పాలి. పేర్ణాంబట్టులో ఒక సభలో వైరాగ్యం మీద మాట్లాడుతున్నాను. జనం నిండుగా ఉన్నారు. భగవంతుడి మీద తప్ప దేని మీద చెయ్యి వేసినా ఆ చెయ్యి కరిగిపోతుందని ఊపు మీద చెప్తూ, సోమిలి చెయ్యిలాగా అన్నాను. ఎదురుగా ఉన్నవాళ్ళు ఏ పురాణంలోని సోమిలో అనుకుని భక్తిగా తల ఊపారు. నాకు చెమట పట్టింది. తిరుగు బస్సులో కూర్చుంటే మొలకు ఉన్న జపమాల గుర్తు రాలేదు. కొంకి చేతి మంత్రి తర్వాత ఏం చేస్తాడా అన్నదే తిరిగింది. పట్టు అంటే ఇది. పట్టుకున్నది నేనా, అదా అని నాకు ఆ బస్సులోనే భయం మొదలైంది.

నాలుగో భాగం కార్తీకంలో ముగింపుకు వచ్చింది. వానలు పడుతున్నాయి, మా ఊరి కౌండిన్య ఏట్లో నీళ్ళు వచ్చాయి. ఆ సాయంత్రం పుటలు తక్కువగా మిగిలాయి. ఇంత చిన్న జాగాలో ఈ కథ ఎట్లా తేలుతుందా అనుకుంటూనే చదువుతున్నాను. రాణిని విడిపించడానికి సోమిలి గోడ మీది నుంచి చెయ్యి తీసింది. మొదటి వాన చినుకు ఆమె నుదుటి మీద పడింది. ఉప్పు నీళ్ళు మోకాళ్ళకు, నడుముకు, గొంతుకు వచ్చాయి. ఆమె ఊపిరి ఆగింది. నేను పుట తిప్పాను. తెల్ల కాగితం. ఇంకో పుట తిప్పాను. మిగతా కథ ఐదో భాగంలో అని ఉంది.

గింజల చప్పుడు ఎప్పుడో ఆగిపోయింది. బయట చూరు నీళ్ళు మాత్రం పడుతున్నాయి. పది మంది ఆడవాళ్ళు నా నోటి వైపు చూస్తున్నారు, పెళ్ళో పిల్లో దీపమో వస్తుందని. నా దగ్గర చదవడానికి ఏమీ లేదు.

"చదువుప్పా" అంది వదిన.

అయిపోయిందన్నాను. అయిపోవడమేంది, బిడ్డ నీళ్ళలో ఉండాది అంది. తర్వాతి భాగం ఇంకా రాలేదన్నాను. ఆమె చాలాసేపు తెరిచి ఉన్న ఆ తెల్ల కాగితాన్ని చూసింది. తర్వాత లేచి, పెరట్లో తల మీద నీళ్ళు పోసుకుని వచ్చింది. ఆ రాత్రి పొయ్యి వెలిగించలేదు. చచ్చినవాళ్ళ ఇంట్లో చేసే పనులన్నీ చేసింది. పుస్తకం మాత్రం మూయనివ్వలేదు. పీట మీద, ఆ పుట దగ్గర, తెరిచే ఉంది. పైన ఒక గుడ్డ కప్పింది.

అప్పటి నుంచి ఆ ఇంట్లో ఏదో మారింది. వానాకాలంలో ఉప్పు చెమ్మగిల్లడం మామూలే, ప్రతి ఇంట్లో జాడీ అడుగున నీరు ఊరుతుంది. అయినా వదిన మూత తీసి లోపలికి చూసి, వెంటనే మూసేది. ముందు వాకిలి దాటడం తగ్గించింది. పూలామె వస్తే గడప లోపలి నుంచే చెయ్యి చాచేది. మెట్లెక్కితే రావలసిన ఆయాసం కూర్చుంటేనే వచ్చేది. కూతురు బలవంతాన వేలూరు నుంచి డాక్టరును పిలిపించి చూపించింది. గుండెలో ఒక కవాటం పాడైందని, ఆపరేషను చేయాలని, ఆలస్యం చేస్తే మనిషి దక్కదని చెప్పి, రమ్మని రోజు కూడా చెప్పి వెళ్ళారు.

వదిన రానంది. కూతురు ఏడ్చింది, నేను కేకలేశాను. ఆమె గొంతు పెంచలేదు. నా మాటే నాకు అప్పజెప్పింది.

"నువ్వు చెప్పిందే గదప్పా. వాకిట్లో నిలబడుకోని ఉండాది. ఎవురు బయటికి వస్తారా అని చూస్తా ఉండాది. దాన్ని రాసుకోని నేను బస్సు ఎక్కల్నా?"

అది కల్పన వదినా, దానికి నియమం లేదు అన్నాను. మా ఊళ్ళో ఏటా అమ్మవారి సిరసు ఊరేగిస్తారు. ఊరంతా తిప్పి, గుళ్ళో మొండేనికి అతికి, కళ్ళు తెరిపించినాకే జనం ఊపిరి తీసుకుంటారు. ఆమె ఆ మాట ఎత్తింది. సిరసును నడిబజార్లో దించేసి, మిగతాది వచ్చే ఏడు చూస్తాంలే అని ఎవురన్నా ఇంటికి పోతారా అని అడిగింది. డాక్టరు చెప్పిన రోజు దాటిపోయింది. ఇంకో రోజు ఇచ్చారు. అదీ దాటిపోయింది.

నాకు తెలిసిన దారులన్నీ తొక్కాను. అసలు గ్రంథం తెచ్చి కల్యాణ ఘట్టం చదువుతాను, దానితో మంగళం అవుతుంది అన్నాను. ఒక ఇంటి చావుకు ఇంకో ఇంటి పెళ్ళి పరిహారమా అంది. మొదటి భాగంలో సోమిలి పుట్టిన చోటుకు వెనక్కి పోయి అక్కడ ఆపుదామన్నాను. పుట్టిన చోటికి పోతే మళ్ళీ నడిచి నడిచి ఆ నీళ్ళ దగ్గరికే వస్తాము గదా అంది. మిగతా కథ నేనే చెప్తా, నాకు ఆ మాత్రం చేతకాదా అన్నాను. అన్ని రోజులకు నవ్వింది ఆమె. "నువ్వు చెప్తే సోమిలమ్మ నీళ్ళలోంచి లేసి ఉపన్యాసం చెప్తాదిలే." చిత్తూరు పోయి పుస్తకాల అంగడిలో అడిగాను. రాసే ఆయన ఇంకా రాస్తూనే ఉన్నాడని, ఎప్పుడు అవుతుందో ఎవరికీ తెలియదని చెప్పారు. వస్తే కబురు చేయండని ఫోను నంబరు ఇచ్చి వచ్చాను.

ఎండలు ముదిరేసరికి వదిన పెదవులు నల్లబడ్డాయి. పడుకోలేక గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోయేది. ఒక పొద్దున నేను పోయేసరికి కూతురు గడప మీద అడ్డంగా కూర్చుని ఉంది. అమ్మ దాటేదాకా నేనూ దాటను, పనికి పోను, నీళ్ళకు పోను అని కూర్చుంది. లోపల వదిన, మధ్యలో తెరిచి ఉన్న పుస్తకం, గడపలో కూతురు. నాకు ఆ ముగ్గురినీ చూసి ఒళ్ళు మండింది. ఆ మంటలో నాకు ఒక ఉపాయం తోచింది.

ఆ ఇల్లు మా అన్న తన చేత్తో కట్టింది. వీధి వైపు ఒకటే వాకిలి. వెనక గోడ అవతల సందు. తలుపు లేని చోట తలుపు పెట్టడం మాకు రోజూ ఉండే పని. ముందు వాకిట్లో ఉండేదాన్ని దాని మానాన ఉండనీ వదినా, నీకు వెనక దారి పెడతాను, అది చూడదు అన్నాను. ఆమె వెనక గోడ వైపు తిరిగి చూసింది. "చూడదా?" అంది. చూడదు అన్నాను. అయితే సరేనంది. కూతురు గడప మీద నుంచి లేచి ఏడుస్తూనే సంచి సర్దింది. వేలూరుకు ఫోను చేసింది. ఎన్నాళ్ళకో ఆ ఇంట్లో మనుషులు వడివడిగా నడిచారు. నాకు ఎంత సంతోషం వేసిందంటే, గడ్డపార పట్టుకుని భజన పాట అందుకున్నాను.

ఇటుకలు వదులుగా వచ్చాయి. మట్టితో కట్టిన గోడ అది, పైన పూతే సిమెంటు. వెలుగు లోపలికి పడింది. అప్పుడు సందులో ఒక ముసలామె వచ్చి నిలబడింది. కంత వైపు చూసింది, నా వైపు చూసింది. కొంగు నోట్లో కుక్కుకుంది. అప్పుడు నా చేతిలో గడ్డపార ఆగింది.

మా వాళ్ళలో చెడ్డ నక్షత్రంలో మనిషి పోతే శవాన్ని వాకిట్లోంచి తేరు. వెనక గోడ పగలగొట్టి, ఆ కంతలోంచి తీసుకుపోతారు. ఈ సంగతి నాకు తెలియనిది కాదు. అరుగు మీద ఎన్నిసార్లు చెప్పానో. ఆ పొద్దు నాలో తాపీవాడు మేలుకుని ఉన్నాడు, పురాణం చెప్పేవాడు నిద్రపోయాడు. అంతకు మించి నాకు తెలియదు.

వదిన సంచి పట్టుకుని నడవలోంచి వచ్చింది. దుమ్ములో నిలబడి కంతను పైనుంచి కిందికి చూసింది. కూరలో ఉప్పు తక్కువైందని చెప్పినంత మామూలుగా అంది.

"ఇదేందప్పా. బతికుండంగానే గోడ పగలగొట్టి తీసకపోతా ఉండావు."

నేను గడ్డపార కింద పెట్టి, ముందు వాకిట్లోంచే పోదాం వదినా, నేను ముందు నడుస్తాను, ఏమైనా ఉంటే నన్నే పట్టుకుంటుంది అన్నాను. ఆమె వెనక్కి తిరిగి ముందు వాకిలి చూసింది, మళ్ళీ కంతను చూసింది.

"వేండాంప్పా, వద్దు. ఆ వాకిట్లో ఉండేది సోమిలమ్మది. ఈ కంతలో ఉండేది నాది. ఒగురిదాంట్లో ఇంగొకరు పోకూడదు. నాదాంట్లో నేను పోతా."

తట్టలు మోసిన మెడ ఆమెది. ఎంత బరువు పెట్టినా నిటారుగా ఉండేది. ఆ కంత కొంచెం పొట్టిగా వచ్చింది. ఆమె తల వంచి, ఇటుక ముక్కల మీద అడుగు పెట్టి, సందులోకి దిగింది. దిగి నా భుజం మీద చెయ్యి వేసి, దుమ్ము దులిపింది. చిన్నప్పుడు పని నుంచి వచ్చాక దులిపినట్టే. ఆటో ఎక్కింది. వెనక్కి చూడలేదు. తర్వాత జరిగింది మొదటే చెప్పాను.

మీలో కొందరు ఈసరికి నన్ను అడుగుతూ ఉంటారు, నీకు బుద్ధి వచ్చిందా అని. ఇక మీదట ఆ నియమం చెప్పడం మానేస్తావా అని. నేను మానలేదు. మానలేను. ఆమె నా మాటను నాకంటే గట్టిగా నమ్మింది. ఊరికే చెప్పిన మాట అని ఇప్పుడు తీసేస్తే, ఆమె దేనికోసం ఆ గడప లోపల నెలల తరబడి కూర్చుందో దానికి అర్థం లేకుండా పోతుంది. అట్లాగని ఆ మాట అరుగు మీద నిలబడి చెప్పడానికి మునుపటి గొంతు కూడా లేదు. లేని పిల్ల మీద మనసు పెట్టినదాని గతి ఏమిటని ఆ రోజు అడిగాను కదా. గ్రంథం తిరగేస్తే జవాబు దొరకలేదు. నాకు తెలిసింది ఒకటే. ఆమె మనసు పెట్టకుండా ఏ పనీ చేయలేదు. సున్నం మోసినా అంతే, మరిదిని పెంచినా అంతే, కథ విన్నా అంతే. అట్లాంటి వినేవాళ్ళు ఎదుట కూర్చున్నప్పుడు చదివేవాడి నాలుక మీద ఎంత బరువు ఉంటుందో, ఆమె పోయాక గానీ నాకు తెలియలేదు.

కర్మలు అయ్యాయి. కంతను ఇటుకలు పెట్టి మూశాను, పూత పూయలేదు. చాప చుట్టి మూల పెట్టారు. ఆడవాళ్ళు ఆ ఇంటి ముందు నుంచి పోయేటప్పుడు అవతలి వారగా నడిచేవాళ్ళు. పిల్ల ఆ ఇంట్లో ఒక్కతే ఉంటోంది. కొన్నాళ్ళకు చిత్తూరు అంగడి నుంచి ఫోను వచ్చింది, ఐదో భాగం వచ్చిందని. వద్దులే అందామనుకున్నాను. పిల్లకు చెప్పాను. ఆమె వాళ్ళమ్మలాగే నిదానంగా నా వైపు చూసింది.

"తెచ్చి చదువు చిన్నాయనా. అమ్మ పోయినాది. వాకిట్లో ఉండేది యాడికీ పోలేదు."

పోయి తెచ్చాను. ఒక మధ్యాహ్నం, పట్టపగలు కూర్చున్నాం. పిలవకుండానే ఆడవాళ్ళు వచ్చారు, పూలామె కూడా బుట్ట బయట పెట్టి లోపలికి వచ్చింది. పిల్ల దీపం వెలిగించింది. నాలుగో భాగం మీది గుడ్డ తీసి, ఆ చివరి పుట పక్కనే కొత్త పుస్తకం పెట్టి మొదలుపెట్టాను. ఏదో ఒక మంగళం వచ్చేదాకా చదివి, రెండు పుస్తకాలూ మూసి, ఈ ఇంటికి ఊపిరి ఇద్దామన్నది నా ఆలోచన.

మొదటి అధ్యాయంలో వాన ఇంకా పెరిగింది. గోడ అంతా కరిగింది. రాణి పోయింది. రెండో అధ్యాయంలో కోటలో బిడ్డలను దాచిన కొట్టంలోకి నీళ్ళు వచ్చాయి. సోమిలి తల్లి, ఉప్పు మోసే మనిషి, కూతుర్ని వెతుక్కుంటూ నీళ్ళలోకి దిగింది. చావు మీద చావు. నేను వేగం పెంచాను. ఎక్కడో ఒక పెళ్ళి ఉంటుంది, ఒక తొట్టె ఉంటుంది, దీపమన్న ఒక్క మాట ఉంటుందని పుట తిప్పి తిప్పి చదువుతున్నాను. పొద్దు నడవలోంచి వాకిట్లోకి జరిగింది. బళ్ళు వదిలారు, పిల్లలు వచ్చి అమ్మలను పిలిచి, పలకకపోతే వెళ్ళిపోయారు. ఒక్కరూ లేవలేదు. నా గొంతు జీరపోయి మాట గాలిగా వస్తోంది. పిల్ల చూసి, లోపలికి పోయి చెంబుతో నీళ్ళు తెచ్చి నా పక్కన నిలబడింది.

నీళ్ళు తాగాలంటే చదవడం ఆపాలి. ఆపడానికి చోటు రాలేదు. నేను తల ఎత్తకుండా చదువుతూనే ఉన్నాను. ఆమె చెంబు చాచి పట్టుకుని అట్లాగే నిలబడి ఉంది. చెయ్యి వాలినప్పుడల్లా చెంబు అంచు మీదుగా ఒక్కో చుక్క నేను చదువుతున్న పుట మీద పడుతోంది.